వానాకాలంలో కుక్కలకీ పిల్లులకీ ఫ్లీ పురుగులు: మందు జోలికి పోకుండా ఎంతవరకు ఆపగలం?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

వానలు దిగేలోపే ఈ విషయం ఒకచోట పెడితే అందరికీ పనికొస్తుందని చర్చ మొదలుపెడుతున్నాను. వేపాకు, కర్పూరం, వెల్లుల్లి అంటూ చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. వాటి మంచీచెడూ తర్వాత చూద్దాం. ముందు పురుగు ఎక్కడ ఉంటుందో తెలియాలి.

కుక్క ఒంటి మీద గెంతుతూ కనపడేవి మొత్తం పురుగుల్లో ఐదు శాతమే. సుమారు సగం గుడ్లు, మూడో వంతు పైచిలుకు లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగులు), పది శాతం ప్యూపాలు (గెంతే పురుగు కాబోయే ముందు గూడు కట్టుకుని ఉండేవి). ఈ మూడూ ఒంటి మీద ఉండవు. కుక్క పడుకునే గోనెపట్టా కింద, గచ్చు పగుళ్లలో, మంచం కింద, అరుగు మూలల్లో ఉంటాయి. ఆడ పురుగు రక్తం తాగిన ఒకటిన్నర రోజులోపే గుడ్లు మొదలుపెడుతుంది, రోజుకి నలభై యాభై దాకా పెడుతుంది. గుడ్డు అర మిల్లీమీటరు ఉంటుంది. బొచ్చుకి అంటుకోదు, కుక్క ఒళ్లు విదిలిస్తే రాలిపోతుంది. అంటే ఎక్కువసేపు ఎక్కడ పడుకుంటే అక్కడే గుడ్లు ఎక్కువ.

లార్వాకి రెండు కావాలి: చీకటి, తేమ. గాలిలో తేమ యాభై శాతం కంటే తగ్గితే ఎండిపోయి చస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం తీరం పొడుగునా జూన్ నుంచి నవంబరు దాకా అంత పొడి రోజు దొరకడమే కష్టం. 27 డిగ్రీల వేడి, మంచి తేమ ఉంటే గుడ్డు నుంచి గెంతే పురుగు దాకా మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. అందుకే మే నెలలో ఒకటీ అరా ఉన్న ఇంట్లో ఆగస్టుకి కాళ్లు పెట్టలేని పరిస్థితి వస్తుంది.

కాబట్టి మందు లేకుండా ఆపాలంటే అసలు పనిముట్లు నాలుగే: చీపురు, ఈరుబాన, వేడినీళ్లు, ఎండ. ఆకులూ నూనెలూ వీటికి తోడు మాత్రమే. వారంలో పని ఇలా పెట్టుకోండి:

కుక్క పడక బట్టలు వారానికోసారి కాగే నీళ్లలో సబ్బు వేసి అరగంట నానబెట్టి ఉతకాలి. బట్టని నేల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లొద్దు, గుడ్లన్నీ దారి పొడుగునా రాలుతాయి. నాలుగు మూలలూ లోపలికి మడిచి, మూటలా ఎత్తి నేరుగా బకెట్లో వెయ్యాలి. ఎండలో రెండు వైపులా తిప్పి ఆరెయ్యాలి. ఇంట్లో రోజూ ఊడ్చేటప్పుడు మధ్య భాగం కాదు ముఖ్యం, గోడ వారలు, తలుపు చట్రం కింద, బీరువా వెనక, మంచం కాళ్ల చుట్టూ. తుడిచిన మర్నాడు కూడా ఊడవాలి, తడి ఆరాకే దుమ్ము పైకి లేస్తుంది.

ఊడ్చిన చెత్త గుమ్మం పక్కన కుప్ప పెడితే పని వృథా. సబ్బు నీళ్ల బకెట్లో వేసి ఒక పూట ఉంచి అప్పుడు పారెయ్యండి.

టెక్కలి_తోట (టెక్కలి)

నాగావళి గారూ, బాగా రాశారండీ. ఒకటి అడగాల. మా వైపు కుక్క మీద ఏ పురుగున్నా గోమార్లే అంటారు. ఫ్లీలా, పిడుదులా అన్నది తేడా తెలియకుండా పని మొదలెడితే ఏటి లాభం? ఎలా గుర్తుపట్టాల?

గరివిడి_పశుసేవ (గరివిడి)

తేడా తప్పకుండా తెలియాలి, ఎందుకంటే రెండింటికీ దారులు వేరు.

పిడుదు ఒకచోట నోరు గుచ్చి అలాగే ఉండిపోతుంది. చెవి లోపలి మడత, వేళ్ల సందులు, మెడ కింద ఎక్కువ. రక్తం తాగాక బూడిదరంగు గింజలా ఉబ్బుతుంది, ఎనిమిది కాళ్లు, గెంతలేదు. ఫ్లీ ఎర్రగోధుమ రంగు, పక్కలు నొక్కినట్టు పలచగా ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. వేలు పెడితే బొచ్చు సందున పరుగెత్తుతుంది లేదా గెంతేస్తుంది. తోక మొదలు దగ్గర నడుము మీద, తొడల లోపల, పొట్ట కింద వెతకండి.

పురుగు దొరక్కపోయినా పరీక్ష ఉంది. తడిపిన తెల్లగుడ్డ కుక్క కింద పరచి, తోక మొదట్లో బొచ్చుని వేళ్లతో ఎదురు దువ్వండి. నల్ల పొడి రాలుతుంది. ఒక నిమిషం ఆగి వేలితో రుద్దితే అది ఎర్రగోధుమ మరకగా కరిగితే ఫ్లీ రెట్ట, అంటే అరిగిన రక్తం. కరగకుండా నల్లగానే ఉంటే మట్టి. ఈ రెట్టే నేల మీద పడి లార్వాకి తిండి అవుతుంది. కుక్కని దువ్వి శుభ్రం చేయడం వల్ల కింద ఉన్నవాటికి మేత కూడా ఆగిపోతుందన్నమాట.

పిడుదుల విషయంలో మాత్రం ఇంటి పద్ధతుల మీద ఆధారపడొద్దని గట్టిగా చెబుతున్నాను. పిడుదుల వల్ల ఎర్లికియా, బెబీసియా లాంటి రక్తపు జబ్బులు వస్తాయి. జ్వరం, తిండి మానడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం ముదురు రంగు కనపడితే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బొబ్బిలి_వీధి (బొబ్బిలి)

దువ్వెన గురించి నేను చేరుస్తాను. బజారులో కుక్కల దువ్వెన అని అమ్మే లావుపళ్లది ఫ్లీలకి పనికిరాదు, సందులోంచి జారిపోతాయి. పళ్ల మధ్య పావు మిల్లీమీటరు సందు ఉండాలి. పిల్లల తలకి వాడే స్టీలు ఈరుబాన సరిపోతుంది. ప్లాస్టిక్‌ది వద్దు, పళ్లు వంగిపోతాయి.

పక్కన వెడల్పాటి గిన్నెలో అర లీటరు గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పెట్టుకోండి. సబ్బు లేని నీళ్లలో వేస్తే ఫ్లీ పైన తేలి మళ్లీ గెంతుతుంది. సబ్బు కలిస్తే నీటి పైపొర బలం పోతుంది, మునిగిపోతుంది. గోళ్లతో నలపాలని చూడకండి, చర్మం గట్టిది, నలగదు.

దువ్వే వరస ఇది. మొదట మెడ చుట్టూ, గడ్డం కింద. తర్వాత చెవుల వెనక. అక్కణ్ణుంచి వెన్ను మీదుగా తోక మొదలు దాకా. ఆఖర్న కుక్కని పక్కకి పడుకోబెట్టి చంకలు, తొడల లోపల, పొట్ట. బొచ్చు వాలిన వైపే, చర్మానికి ఆనించి, నెమ్మదిగా. రెండు మూడు దువ్వులకి ఒకసారి దువ్వెన సబ్బునీళ్లలో ముంచి, గుడ్డకి తుడిచి మళ్లీ మొదలెట్టాలి. తోక మొదట్లో అంగుళం అంగుళం వెళ్లండి, అక్కడే ఎక్కువ దొరుకుతాయి. నాటు కుక్కకి పది నిమిషాలు, బొచ్చు కుక్కకి ఇరవై. కొత్తవి కనపడుతున్నంతకాలం రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. వాకిట్లో కింద పాత తెల్ల దుప్పటి పరచుకుని చెయ్యండి. రాలిన గుడ్లు, రెట్ట దుప్పటితో పాటే వేడినీళ్లలోకి పోతాయి.

వంశధార_రైతు (నరసన్నపేట)

దువ్వెన సరే, స్నానం సంగతి? వేపాకు మరగబెట్టి పోస్తే చాలు అని మా ఊర్లో అందరూ చేస్తారు. వెల్లుల్లి రెండు రెబ్బలు అన్నంలో కలిపితే పురుగు దగ్గరికే రాదని కూడా అంటారు. సీతాఫలం గింజల పొడి తలలో పేలకి వాడేదే కదా, కుక్కకి వాడొచ్చా?

గరివిడి_పశుసేవ (గరివిడి)

వంశధార గారూ, మూడింటికీ మూడు వేరు జవాబులు.

వెల్లుల్లి పెట్టకండి, ఉల్లి కూడా వద్దు. రెండూ కుక్కల్లో పిల్లుల్లో ఎర్ర రక్తకణాలు పగిలేలా చేస్తాయి, పిల్లులకి ఇంకా ప్రమాదం. రోజూ కొద్దికొద్దిగా పెడితే లోపల పోగవుతూ కొన్నాళ్లకి రక్తహీనతగా బయటపడుతుంది. పైగా ఫ్లీలు దానికి ఆగవు. ఈస్ట్ మాత్రలు, బి విటమిన్ మాత్రలూ అంతే, పరీక్షించి చూసినప్పుడు ఫలితం లేదని తేలింది.

సీతాఫలం గింజల పొడి పురుగుని చంపుతుంది, నిజమే. కానీ కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర కాలిపోతుంది. తలకి రాసుకున్న మనుషులే కళ్ల ఆసుపత్రులకి వెళ్తుంటారు. కుక్క ఒళ్లు విదిలిస్తుంది, కాలితో ముఖం గోక్కుంటుంది. ఒంటికి రాయనే రాయొద్దు.

వేపాకు నీళ్లతో హాని లేదు, దురదకి కొంత హాయి. కానీ పురుగు మీద పని చేసే అజాడిరక్టిన్ ప్రధానంగా గింజ పప్పులో ఉంటుంది, ఆకులో చాలా తక్కువ. ఉన్న కాస్తా మరిగిస్తే పోతుంది. ఆకు నీళ్లు పోసి పని అయిపోయిందనుకోవడం వల్లే చాలామంది వారం తర్వాత మళ్లీ మొదటికి వస్తారు.

బొబ్బిలి_వీధి (బొబ్బిలి)

స్నానంలో అసలు పని చేసేది సబ్బు నురగే. కానీ తల మీద నీళ్లు ముందు పోస్తే ఫ్లీలన్నీ చెవుల్లోకి, కళ్ల చుట్టూ పరుగెడతాయి. అందుకని ముందు మెడ చుట్టూ పొడిగా ఉన్నప్పుడే రెండు వేళ్ల వెడల్పున చిక్కటి నురగ పట్టీ వెయ్యండి. అది కంచెలా ఆపుతుంది. తర్వాత ఒంటికి నీళ్లు పోసి, వెనక నుంచి ముందుకి నురగ పట్టించి, పది నిమిషాలు అలాగే ఉంచాలి. ఆ పది నిమిషాలు ఆగకపోతే మునిగినట్టు కనిపించినవి కూడా లేచి పోతాయి. ఆ సమయంలోనే నురగ మీద ఈరుబానతో దువ్వండి. తలకి తడిగుడ్డ చాలు.

కుక్కల షాంపూ లేకపోతే చంటిపిల్లల షాంపూ వాడండి. బట్టల సబ్బు, డెట్టాల్ వద్దు. డెట్టాల్‌లో ఉండే ఫినాల్ రకం పిల్లులకి విషం, కుక్కలు కూడా నాకితే నోరు పొక్కుతుంది. పది పదిహేను రోజులకి ఒకసారి కంటే ఎక్కువ స్నానం వద్దు, చర్మం ఎండి పొట్టు లేచి దురద ఇంకా పెరుగుతుంది.

టెక్కలి_తోట (టెక్కలి)

వేపనూనె కొలత కూడా ఎవరైనా సరిగ్గా చెప్పండి. ఒకరు చెంచా అంటారు, ఒకరు నేరుగా రాసీమంటారు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

నేరుగా రాయొద్దు. చర్మం ఎర్రబడుతుంది, కుక్క నాకితే వాంతులు.

కుక్కలకి మాత్రమే, ఒక శాతం కలపాలి. గానుగలో ఆడిన వేపనూనె 10 మిల్లీలీటర్లు, చంటిపిల్లల షాంపూ 5 మిల్లీలీటర్లు ముందు ఒక గిన్నెలో వేసి పాల రంగు వచ్చేదాకా గిలకొట్టాలి. అప్పుడు ఒక లీటరు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ముందే నీళ్లలో నూనె పోస్తే కలవదు, పైన తేలి మొదటి పిచికారీలో ఉత్త నీళ్లు, ఆఖర్న ఉత్త నూనె వస్తాయి. ముందు తొడ లోపల రూపాయి బిళ్లంత జాగాలో రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడకపోతే మెడ నుంచి తోక దాకా, కాళ్ల వెనక తేలిగ్గా పిచికారీ చేసి చేత్తో పట్టించాలి. ముఖం, గాయాలు, మర్మాంగాల దగ్గర వద్దు. ఆరేదాకా, అంటే గంటసేపు, నాక్కోకుండా చూడాలి. వారానికోసారి చాలు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, నీళ్లలో కలిసిన అజాడిరక్టిన్ నిలవ ఉండదు, ఎండ తగిలితే ఇంకా త్వరగా పోతుంది. అందుకే సాయంత్రం పూట చెయ్యండి.

కడుపుతో ఉన్న కుక్కకి, మూడు నెలల్లోపు కూనలకి వద్దు.

ఇది కాపలా మాత్రమే. ఇంట్లో గుడ్లు నిండి ఉన్నప్పుడు వేపనూనె ఒక్కటే ఆపలేదు.

పలాస_పిల్లిపెంపకం (పలాస)

పిల్లుల వాళ్ల కోసం విడిగా రాస్తున్నాను, ఎందుకంటే పైన రాసినవి చదివి పిల్లికి కూడా చేసేవాళ్లు ఉంటారు.

పిల్లికి వేపనూనె వద్దు. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది, రాసిందంతా కడుపులోకే పోతుంది. కొన్ని పదార్థాలని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. నీలగిరి తైలం, టీ ట్రీ నూనె, నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె, నిమ్మ తొక్క మరిగించిన నీళ్లు, కర్పూరం నూనె, ఇవేవీ పిల్లి ఒంటికి తగలకూడదు. దీపంలా వెలిగించి గదంతా వాసన నింపే నూనెలు కూడా వద్దు. బీరువాలో వేసే కలరా ఉండలు పడక కింద పెట్టేవాళ్లు ఉన్నారు, ఒక్క ఉండ మింగినా పిల్లికి ప్రాణం మీదకి వస్తుంది.

పిల్లికి మిగిలేది దువ్వెనే, అది సరిపోతుంది కూడా. పిల్లి నోటితో చాలా పురుగుల్ని మింగేస్తుంది కాబట్టి దువ్వినప్పుడు తక్కువే దొరుకుతాయి. ‘లేవు’ అనుకోకండి, నల్ల రెట్ట దొరికితే ఉన్నట్టే. నడుము మీద బొచ్చు పలచబడటం, మెడ చుట్టూ చిన్న చిన్న పొక్కులు కూడా గుర్తే.

పలాస వైపు వాళ్లకి ఇంకో మాట. జీడిపిక్కల తొక్క నూనె చెదపురుగుకి పూస్తారు కదా, అదే కుక్క పడుకునే చెక్కకి పూస్తే పురుగు రాదని కొందరు అంటున్నారు. ఆ నూనె చర్మం కాల్చేస్తుంది, జీడి కార్మికుల చేతులు చూస్తే తెలుస్తుంది. పెంపుడు జంతువు పడుకునే చోట వద్దే వద్దు.

చీపురుపల్లి_డాబా (చీపురుపల్లి)

పశువుల పిడుదుల మందు మిగిలింది, కుక్కకి పలచగా కలిపి కొట్టి, పిల్లికి కూడా అదే రాద్దామనుకుంటున్నాం. సహజం కాదని తెలుసు, కానీ బేగి పోతాయి కదా?

గరివిడి_పశుసేవ (గరివిడి)

చీపురుపల్లి గారూ, పిల్లికి రాయకండి. పశువుల మందుల్లో చాలావాటిలో సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ఉంటాయి. కుక్కలకి వాడే కొన్నింటిలో పర్‌మెత్రిన్ ఉంటుంది. ఇవి పిల్లిలో కొన్ని గంటల్లోనే వణుకు, ఫిట్స్ తెస్తాయి. చీమలకి గీసే చాక్‌పీస్‌లో ఉండేది కూడా ఈ కోవకి చెందినదే. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో వెంటనే కడిగి, తువ్వాలు చుట్టి, ఫిట్స్ రాకముందే డాక్టరు దగ్గరికి చేర్చండి. కుక్కకి రాసినా, ఆరేదాకా పిల్లి దాని పక్కన పడుకోకూడదు. కుక్కకి కూడా ‘పలచగా’ అన్న అంచనా కొలత వద్దు, బరువు చూసి డాక్టరు చెప్పాలి.

కిరసనాయిలు, పాత ఇంజనాయిలు కూడా పూస్తుంటారు. చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గమాక్సిన్ అని అడిగి తెచ్చే పొడి సంగతి: అసలు గమాక్సిన్ అంటే బి.హెచ్.సి. అనే పురుగుమందు, దాన్ని మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఆ పేరుతో ఇప్పుడు విడిగా పొట్లం కట్టి ఇచ్చేది ఏమిటో ఎవరూ చెప్పలేరు.

వంశధార_రైతు (నరసన్నపేట)

నేల సంగతి ఎక్కువ చెప్పండి. మట్టి ఇళ్లు, పెంకుటిళ్లలో ఊడ్చినంత మాత్రాన పోతాయా? ఉప్పు చల్లమని, సున్నం చల్లమని అంటారు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

ఉప్పు: పొడి దేశాల్లో రాసిన చిట్కా ఇది. ఉప్పు లార్వాలోంచి తేమ లాగాలి, అప్పుడే పని. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పే నీరు కారుతుంది. కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ వైపు వానాకాలంలో డబ్బాలో ఉప్పే తడిసి ముద్దవుతుంది, నేల మీద చల్లితే గచ్చు చెమ్మగిల్లి లార్వాకి మేలే జరుగుతుంది. కుక్క నాకితే ఉప్పు విషం కూడా. వదిలెయ్యండి.

డయాటమ్ మట్టి అని ఆన్‌లైన్‌లో అమ్మే తెల్ల పొడి కూడా పొడిగా ఉన్నంతసేపే పురుగు పైపొర గీస్తుంది, తడిస్తే దండగ. తెచ్చుకుంటే జనవరి నుంచి మే దాకా, అదీ బీరువా వెనక లాంటి కదలని మూలల్లో, ముక్కుకి గుడ్డ కట్టుకుని పలచగా వెయ్యండి. జంతువు ఒంటి మీద వద్దు, పీల్చితే ఊపిరితిత్తులకి చెడ్డది. పొడి సున్నం కుక్క పాదాలు కాలుస్తుంది.

మట్టి నేలకి పగుళ్లు పూడ్చడమే పెద్ద పని. ఫ్లీ లార్వా వెలుతురు నుంచి పారిపోయి పగులులోకి దూరుతుంది. చీపురు అక్కడికి అందదు. ముందు పుల్లతో పగుళ్లలో మట్టి తవ్వి తీసి, ఆ మట్టి ఇంటికి దూరంగా ఎండలో పరవండి. తర్వాత బంకమట్టి, సన్న ఇసుక, కొంచెం ఊక కలిపి తడి ముద్ద చేసి పగులు నింపి, ఆరాక మళ్లీ చీలితే రెండోసారి నింపి, అప్పుడు అలకాలి. ఒక్కసారి నింపి అలికితే ఎండేటప్పుడు అదే గీత వెంట మళ్లీ విడుస్తుంది. ఇది ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి, వానలు పడ్డాక ఆరదు. పేడతో అలికిన రోజు కుక్కని అక్కడ పడుకోనివ్వకండి, చెమ్మ పోయేదాకా నులక మంచం మీదో బల్ల మీదో ఎత్తుగా పడుకోబెట్టండి.

గచ్చు ఇళ్లలో గోడ-నేల కలిసే చోట సందు, నాపరాళ్ల జాయింట్లు సిమెంటు పాలతో మూయండి. ఇంటి లోపలికి సీతంపేట వైపు నుంచి వచ్చే కొండచీపుర్లు మంచివి, మెత్తటి కొసలు మూలల్లోకి వెళ్తాయి. వాకిలికి ఈనెల చీపురు.

పడకకి గోనెసంచి చవక అని అందరూ అదే వేస్తారు. గోనె నేత వదులు, గుడ్లు అందులో దిగబడి దులిపినా రాలవు. గోనె వెయ్యాల్సి వస్తే పైన దట్టంగా నేసిన పాత దుప్పటి చుట్టి కుట్టండి, ఉతకడానికి విప్పేలా. ఎండుగడ్డి, ఊక పరిచేవాళ్లు వారం దాటి ఉంచొద్దు.

బొబ్బిలి_వీధి (బొబ్బిలి)

పెరడు కూడా చూడాలి. ఎండ పడే గట్టి నేలలో లార్వా బతకదు. అరుగు కింద, మెట్ల కింద, అరటి పాదుల దగ్గర, మామిడి చెట్టు కింద రాలిన ఆకుల్లో, కుక్క గోతులు తవ్వి పడుకునే ఇసుకలో బతుకుతుంది. ఆకులు వారానికి రెండుసార్లు ఊడ్చెయ్యండి. కొమ్మలు కొద్దిగా నరికితే నేలకి ఎండ తగులుతుంది.

రైతులు పైరుకి కొట్టే వేప గింజల కషాయాన్నే ఈ నీడ నేలకి వాడొచ్చు. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు పొడి, పలచటి గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. లార్వా కుబుసం విడిచి ఎదగకుండా కొంతవరకు ఆపుతుంది. గింజలు జూన్, జూలైల్లో రాలినవే నీడన ఆరబెట్టి దాచుకోండి, బూజు పట్టినవి వద్దు. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ చల్లాలి. పిల్లులు తిరిగే చోట, కుక్కలు నీళ్లు తాగే తొట్టి దగ్గర వద్దు.

పందికొక్కుల కన్నాలు మూయండి. వీధి కుక్కలు మీ అరుగు కింద పడుకుంటే మీరు లోపల ఎంత ఊడ్చినా గుడ్లు రోజూ కొత్తవి వస్తుంటాయి. అరుగు కింద సందుకి ఇనప జల్లెడ కొట్టడం మేలు.

చీపురుపల్లి_డాబా (చీపురుపల్లి)

రెండు వారాలు అన్నీ చేసినా, మూడో వారంలో మళ్లీ గుంపుగా కనపడితే ఎక్కడ తేడా వచ్చినట్టు?

గరివిడి_పశుసేవ (గరివిడి)

తేడా ఏమీ రాలేదు, అవి ప్యూపాల నుంచి వచ్చినవి. ప్యూపా చుట్టూ జిగురు పట్టుగూడు ఉంటుంది, దానికి ఇసుక, దుమ్ము అంటుకుని నేలలో కలిసిపోతుంది. దానిలోకి వేప దిగదు, రసాయన మందు కూడా సరిగ్గా దిగదు. అదను దొరికేదాకా లోపల నెలల తరబడి ఆగగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే బొగ్గుపులుసు గాలి తగిలితే క్షణాల్లో బయటికి గెంతుతుంది.

కాబట్టి నెలన్నర నుంచి రెండు నెలల దాకా కొత్తవి కనపడుతూనే ఉంటాయి. అక్కడ ఆపేస్తే అవి గుడ్లు పెట్టేస్తాయి. దువ్వెన రోజూ నడుస్తుంటే గుడ్లు పెట్టేలోపే దొరికిపోతాయి, ఒకటిన్నర రోజు అని నాగావళి గారు రాసింది అందుకే గుర్తుంచుకోవాలి. మొత్తం మూడు నెలలు తగ్గకుండా చెయ్యాలి.

హైదరాబాదు, విశాఖ వలస వెళ్లి ఇల్లు తాళం వేసి, సంక్రాంతికి తెరిచేవాళ్లకి ఇదే జరుగుతుంది. కుక్క లేని ఇంట్లో అడుగు పెట్టగానే పిక్కల మీద పడతాయి. అలాంటి ఇంట్లోకి పిల్లల్ని తీసుకెళ్లకముందు పెద్దవాళ్లు ఒకరు తెల్ల మేజోళ్లు మోకాళ్ల దాకా లాక్కుని, గదులన్నీ గట్టిగా అడుగులేస్తూ తిరిగి, కాళ్ల మీదకి ఎక్కినవాటిని సబ్బునీళ్లలో దులపాలి. ఊడ్చి, కిటికీలు తెరిచి, మర్నాడు మళ్లీ. మూడు నాలుగు రోజులకి బాగా తగ్గుతాయి.

పలాస_పిల్లిపెంపకం (పలాస)

తగ్గుతున్నాయో లేదో లెక్కకి రాత్రి దీపం ఎర పెట్టండి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు, చెంచా గిన్నెల లిక్విడ్, పైన జానెడు ఎత్తున చిన్న బల్బు. గది తలుపు వేసి జంతువుల్ని బయట ఉంచాలి. పొద్దున్న పళ్లెంలో పడినవి లెక్కపెట్టి రాసుకోండి. ఇది పెద్ద పురుగుల్నే పడుతుంది, నివారణ కాదు. ఏ గదిలో ఎక్కువ ఉన్నాయో చూపిస్తుంది, ఊడ్చే పని అక్కడ పెంచొచ్చు.

టెక్కలి_తోట (టెక్కలి)

చిన్న కూనలకి ఏటి చెయ్యాల?

గరివిడి_పశుసేవ (గరివిడి)

ఎనిమిది వారాల లోపు కూనకి దువ్వెన తప్ప ఏదీ వద్దు. వెచ్చగా ఒళ్లో పెట్టుకుని రోజుకి రెండుసార్లు దువ్వి, పడక రోజూ మార్చండి. తల్లిని కూడా దువ్వాలి, పురుగు తల్లి నుంచే వస్తుంది. స్నానం తప్పనిసరి అయితే గోరువెచ్చని నీళ్లు, రెండు నిమిషాలు, వెంటనే పొడిగుడ్డతో తుడిచి వెచ్చగా ఉంచాలి. చలికి కూన త్వరగా పోతుంది.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం పోయిందని అర్థం, ఇంక ఇంటి వైద్యం ఆపి అదే రోజు ఆసుపత్రికి. పెద్ద కుక్కల్లో నడుము మీద బొచ్చు ఊడి, తడి పుండ్లు పడి, రాత్రంతా కొరుక్కుంటుంటే ఫ్లీ ఉమ్మికి అలర్జీ. దానికి ఒకటి రెండు కాట్లు చాలు, దువ్వెనతో తగ్గించడం సరిపోదు. డాక్టరు బరువుని బట్టి ఇచ్చే మాత్ర గానీ మెడ మీద వేసే చుక్కలు గానీ వాడాలి. చుక్కలు వేయడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించొద్దు, అవి చర్మపు నూనెలో కలిసి పాకుతాయి. ఇంట్లో కుందేలు ఉంటే ఫిప్రోనిల్ అనే మందు ఉన్న చుక్కలు దానికి వాడకూడదు.

మలద్వారం దగ్గర దోసగింజలా తెల్ల ముక్కలు కదులుతూ కనపడితే బద్దెపురుగు. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ ఫ్లీని మింగితే వస్తుంది. ప్రాజిక్వాంటెల్ మాత్రతో పోతుంది, కానీ ఫ్లీలు ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. గుమ్మడి గింజల్ని నమ్ముకోవద్దు.

వంశధార_రైతు (నరసన్నపేట)

పెరట్లో నాటుకోళ్ల కళ్ల చుట్టూ, జుట్టు మీద నల్లగా గుత్తులుగా అంటుకుని ఉన్నవి కూడా ఇవేనా? కుక్క చెవి అంచున కూడా అలాంటివే ఉన్నాయి, దువ్వెనకి రావటం లేదు.

గరివిడి_పశుసేవ (గరివిడి)

అది కోళ్ల ఫ్లీ, వేరే రకం. తల గుచ్చి ఒకేచోట అతుక్కుని ఉంటుంది, కోళ్ల గూటి పక్కన పడుకునే కుక్కకీ పిల్లికీ చెవి అంచుల్లో, కళ్ల దగ్గర పడుతుంది. దువ్వెనకి రాదు. కోడికైనా కుక్కకైనా గుత్తి మీద వాజలైన్ దట్టంగా పూయండి, కంట్లో పడకుండా వేలి కొసతో. ఊపిరి ఆడక చస్తాయి. మర్నాడు ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి ఒక్కొక్కటీ తిన్నగా లాగి సబ్బునీళ్లలో వెయ్యండి. చర్మం పచ్చిగా ఉంటే ఉప్పునీళ్లతో తుడవండి. గూటి కింద పాత మట్టి, ఎరువు జానెడు లోతు తవ్వి తీసి దూరంగా ఎండలో పరిచి, గూడు కడిగి రెండు రోజులు ఎండనివ్వండి. కోళ్ల గూటికీ కుక్క పడకకీ మధ్య వీలైనంత దూరం ఉంచండి. పది రోజుల తర్వాత చెవి అంచులు మళ్లీ చూసి, కొత్తవి కనిపిస్తే వాజలైన్ ఇంకోసారి పూయండి.